పదహారులో పది

గురువారం వైవా. అంతకుముందు ఆదివారం పొద్దున శ్రీవాణి వచ్చింది. వాకిట్లో చెప్పులు విడిచి, రామచంద్రం థీసిస్‌ను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. పేజీల మధ్య నుంచి పసుపు చీటీలు బయటికి కనిపిస్తున్నాయి. వాటిని చూడగానే రామచంద్రానికి లోపల ఏదో వెచ్చగా కదిలింది. పదకొండేళ్లు పట్టి రాసినదాన్ని చీటీలు పెట్టుకుని మరీ చదివిన మనిషి ఈ భూమ్మీద ఒకరున్నారు. పేపర్లు దిద్దేవాడికి, చీటీ ఎందుకు పెడతారో తెలియక కాదు. ఆ పొద్దున అది గుర్తుకు రాలేదు, అంతే.

రామచంద్రం నారాయణపేటలో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఉండేది మహబూబ్‌నగర్‌లో, కిరాయి ఇంట్లో. పొద్దున ఏడున్నర బస్సుకు పోయి సాయంత్రం చీకటి పడే వేళకు వస్తాడు. తెలంగాణ వచ్చిన ఏడాది పీహెచ్‌డీకి రిజిస్టరు చేసుకున్నాడు. అప్పటి నుంచి దేవరకద్ర, మరికల్ మీదుగా పోయే ఆ బస్సే అతని చదువుగది. మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పెన్ను పైకెత్తడం చేతికి అలవాటైపోయింది. ఉద్యోగం కోసం కాదు, అది పీహెచ్‌డీ లేకుండానే ఈ మధ్య పర్మినెంటు అయింది. ఇంతకుముందు ఎవరూ చెప్పని మాట ఒక్కటి తాను చెప్పాలని, అది ఎవరో ఎక్కడో చదవాలని అతని కోరిక. ఆ కోరికను భార్య రమకు కూడా చెప్పలేదు. నోటితో అంటే అది చిన్నబోతుందని భయం.

స్టాఫ్‌రూమ్‌లో పొలిటికల్ సైన్స్ బాలకృష్ణ మాత్రం వదిలేవాడు కాదు.

"రామచంద్రం సార్, మీ లోకంల మొత్తం ఎన్ని నంబర్లున్నయంటిరి?"

"రెండు. సున్న, ఒకటి."

"రెండు నంబర్లకు పదకొండేండ్లా! మాకు నూటపందొమ్మిది నియోజకవర్గాలున్నా ఐదేండ్లకు రిజల్ట్ వస్తది గదా!"

అందరితో పాటు రామచంద్రమూ నవ్వేవాడు. నవ్వుతూనే, వీళ్లకు ఏం తెలుసనుకునేవాడు. నిజానికి ఆ రెండంకెల లోకం అంత చిన్నది కాదు. అక్కడ ఒకటీ ఒకటీ కలిస్తే సున్న. ఆ రెండంకెలతో కట్టిన తలానికి నాలుగే నాలుగు బిందువులు. తలాన్ని మించిన స్పేస్‌లు, వాటిని మించినవి, అలా అంతులేకుండా ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయే కదలికలుంటాయి, ఒక్కో కదలికకూ ఒక మాట్రిక్సు. ఈ స్పేస్‌లలో ప్రతిదానికీ మరో స్పేస్‌ను జతచేయాలి. ఇక్కడ ఏ కదలిక జరిగినా, అక్కడ దానికి తగ్గ కదలిక జరగాలి. ఇక్కడ ఒకదాని వెంట ఒకటి జరిగితే అక్కడా అదే వరుసలో జరగాలి. ఒకే స్పేస్‌కు కాదు, అన్ని స్పేస్‌లకూ, వాటి మధ్య ఉన్న అన్ని కదలికలకూ కలిపి ఒకేసారి ఇచ్చే ప్రాతినిధ్యం అది. రామచంద్రం చదివింది దాన్నే.

అతని థీసిస్ మొత్తం ఒక్క లెమ్మా మీద, అంటే పెద్ద రుజువులకు ఆధారంగా ముందు నిరూపించుకునే చిన్న సిద్ధాంతం మీద, నిలబడింది. నాలుగో అధ్యాయంలో మూడోది. ఒక పెద్ద ప్రాతినిధ్యం లోపల చిన్నది ఉన్నప్పుడు, కొన్ని షరతుల్లో, మిగిలినదాన్ని కూడా శుభ్రంగా విడదీయవచ్చునని, ఏ కదలికా ఆ రెంటినీ మళ్లీ కలిపేయదని దాని సారాంశం. అన్నదమ్ములు పొలం పంచుకున్నాక ఒకరి చెలకలోకి ఇంకొకరు రాకుండా గట్టు ఉన్నట్టు, అని రమకు ఒకసారి చెప్పాడు. "మంచిగున్నది," అంది రమ. ఆ మాట చాలా రోజులు అతన్ని నడిపించింది.

శ్రీవాణి ఊట్కూరు దగ్గరి పల్లె పిల్ల. తండ్రి గుర్వయ్యకు మూడెకరాల చెలక. డిగ్రీలో మూడేళ్లు రామచంద్రం దగ్గరే చదివింది. క్లాసు అయిపోయాక కూర్చోబెట్టి చెప్పాడు, తన పుస్తకాలిచ్చాడు, ఎంట్రన్సులకు ఫారాలు తానే నింపాడు. ఇప్పుడు బెంగళూరులో రీసెర్చి చేస్తోంది. 'నా స్టూడెంటు' అని ఊరంతా చెప్పుకుంటాడు. థీసిస్ సబ్మిట్ చేసి ఏడాది దాటినా ఆమెకు మాత్రం పంపలేదు. వైవా తేదీ వచ్చాక, ఇక ఎవరూ ఏమీ మార్చలేరన్నాక, పోస్టులో పంపాడు. ఎందుకు అంతకాలం ఆగాడో అతను తరచి చూసుకోలేదు. చూసుకుంటే అడుగున గర్వానికి బదులు ఇంకేదో దొరుకుతుందని అనుమానం.

"కూసో బిడ్డా. మీ నాయిన మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు సార్. కందులు కొడుతున్రు."

"చదివినవా?"

"రెండుసార్లు చదివిన సార్." ఆమె నవ్వలేదు. "నాలుగుల మూడో లెమ్మా... జర ఒకసారి చూద్దామా సార్?"

రామచంద్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. రమ వంటింట్లో చాయ్ పెడుతోంది.

"టూ డైమెన్షన్ తీసుకుందాం సార్," అంది శ్రీవాణి, కాగితం మీద రాస్తూ. "సెకండ్ డిగ్రీవి. ఎక్స్ స్క్వేర్, వై స్క్వేర్, ఇవి చిన్నదాంట్లయి. మిగిలినదాని కోసం మీరు ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్‌వై ప్లస్ వై స్క్వేర్ తీసుకున్నరు."

"అవును. ఆరు మాట్రిక్సులతోని చూసిన. ఏదీ దాన్ని కదిలియ్యదు."

"ఆరుతోని కదలది సార్. అవి పోయి మళ్ల వెనక్కి రాగలిగినయి. మొత్తం పదహారున్నయి గద సార్. కడమ పది?"

రామచంద్రం కాగితాన్ని తన వైపు తిప్పుకున్నాడు.

"వైని సున్న చేసేది ఒకటున్నది సార్. తలాన్ని తీసుకపోయి గీత మీద పడేసేది. అది పెడితే వై పోతది, ఎక్స్‌వై పోతది. ఎక్స్ స్క్వేర్ మిగుల్తది." పెన్ను ఆపింది. "గీత మీద చిన్నది తప్ప ఇంకేం ఉండదు గద సార్. మనకు సున్న రావాలె. వస్తలేదు. మిగిలినదనుకున్నది పోయి చిన్నదాంట్లనే పడ్డది."

చీకట్లో మెట్లు దిగేవాడు లేని మెట్టు మీద కాలు వేసినట్టయింది అతనికి. ఆ ఆరింటినీ ఎన్నిసార్లు రాశాడు! బస్సులో, పరీక్షల డ్యూటీలో, మామగారి దశదినాల నాడు పందిట్లో కూర్చుని. రాసిన ప్రతిసారీ ఆ రూపం చెక్కుచెదరలేదు, ప్రతిసారీ అతనికి ధైర్యమొచ్చింది. కడమ పదీ ఒక్కసారి కూడా రాయలేదు. ఎమ్మెస్సీలో నేర్చుకున్నది గ్రూపులు. అక్కడ వెనక్కి రాగలిగిన కదలికలే లెక్క. తలాన్ని గీతగా, గీతను చుక్కగా నలిపేసేవాటికి అక్కడ చోటు లేదు. తాను ఇల్లు మారాడు గానీ పాత ఇంటి అలవాటు మారలేదు. మిగతా అధ్యాయాల్లో ఎంతో జాగ్రత్తగా వాటిని లెక్కలోకి తీసుకున్నవాడు, అన్నిటికీ పునాది అయిన చోట మరిచిపోయాడు.

ఇదంతా అతనికి రెప్పపాటులో తెలిసింది. తెలిసింది గనకే కోపం వచ్చింది.

"ఎవరు చెప్పిన్రు నీకిది? మీ గైడా?"

"ఎవరు చెప్పలే సార్. చదువుతుంటే నాకే..."

"ఎవరికన్న చూపించినవా?"

"లేదు సార్. ముందుగాల మీకే చెప్దామని వచ్చిన."

"గురువారం వైవా పెట్టుకొని ఆదివారం చెప్తున్నవా?"

"నాకు మొన్న బేస్తారమే అందింది సార్."

మొన్న గురువారమే చేరిందన్నది నిజం. ఆలస్యం తనదే. అందుకే మరో మాట కోసం వెతుక్కున్నాడు. దొరికింది. అది ఎప్పటినుంచో నాలుక కిందే ఉన్నట్టుంది.

"నేను లేకపోతే నువ్వియ్యాల మీ ఊరి చేన్ల పత్తి ఏరుకుంట ఉంటుంటివి. గది యాది పెట్టుకొని మాట్లాడు."

చాయ్ కప్పులతో రమ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. శ్రీవాణి కాగితాన్ని థీసిస్ లోపల పెట్టింది. తర్వాత పెన్నుకు టోపీ పెట్టింది.

"నిజమే సార్," అంది. అందులో వెటకారం లేదు. లేకపోవడమే అతను భరించలేకపోయాడు. థీసిస్‌ను బల్ల మీద పెట్టి, "పోయొస్త సార్, పోయొస్త మేడం," అని వెళ్లిపోయింది.

"గంత మాటెందుకన్నరు గా పిల్లను?" అంది రమ.

"నీకు తెల్వదు."

"లెక్క తెల్వదు. మాటయితే తెలుస్తది."

మధ్యాహ్నమంతా తలుపు వేసుకుని ఆ పదీ రాశాడు. ఒకటి అన్నిటినీ సున్న చేసేది. అది పోను తొమ్మిది. మొదటిది పెట్టి చూశాడు, ఎక్కడో ఒక స్క్వేర్ మిగిలింది. రెండోది, మూడోది. ఇంకేం మిగిలి ఉందని? అయినా తొమ్మిదీ చూశాడు. తొమ్మిదిట్లోనూ అదే. ఒక్కదాంట్లోనైనా సున్న వచ్చి ఉంటే బాగుండునని ఎందుకనిపించిందో అతనికే తెలియదు. వచ్చినా లెమ్మా బతకదు.

సోమవారం హైదరాబాద్ పోయాడు. అతని గైడు రిటైరై మూడేళ్లయింది. బాల్కనీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. అంతా విన్నాడు, లేదా విన్నట్టు తలాడించాడు.

"రిపోర్టులొచ్చినయి గదయ్యా. ఇద్దరు బాగుందన్నరు. ఇప్పుడొచ్చి తప్పంటవేంది?"

"తప్పే సార్."

"సరిచేస్తే నిలబడ్తదా?"

"నిలబడది సార్. నాలుగు, ఐదు మొత్తం పోతయి."

"అయితే పోనియ్యకు." గైడు తన హాస్యానికి తానే నవ్వాడు. "నలభై ఏడేండ్లొచ్చినయి నీకు. ఎవడు చదువుతడయ్యా దాన్ని? నేను చదివిన్నా?"

ఆ ఆఖరి మాటను గైడు దాచుకోకుండా, సిగ్గుపడకుండా, స్నేహంగా అన్నాడు. తిరుగు బస్సులో షాద్‌నగర్ దాటేదాకా రామచంద్రం చెవుల్లో అదే. తప్పు దొరికినప్పుడు లోపల ఏదో కూలింది. ఇది అలాంటిది కాదు. కూలడానికి అక్కడ అసలు కట్టడమే లేదని ఎవరో మామూలుగా చెప్పి చాయ్ తాగమన్నట్టుంది. ప్రతి అధ్యాయం మొదటి పేజీ మీదా ఆయన సంతకం ఉంది. ఆ సంతకాలను రామచంద్రం ఎన్నోసార్లు వేలితో తడిమి చూసుకున్నాడు.

గురువారం వైవాకు పదిమంది వచ్చారు. బయటి రాష్ట్రం నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు నాలుగింటికి రైలుంది. నాలుగో అధ్యాయంలో మూడో లెమ్మా చాలా అందంగా ఉందని ఆయన ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. దానికో ఉదాహరణ బోర్డు మీద చూపించమన్నాడు.

రామచంద్రం మార్కరు తీసుకున్నాడు. వేరే ఉదాహరణలున్నాయి. మూడో డిగ్రీది, అందులో తప్పు పట్టుకోవాలంటే సగం రోజు పడుతుంది. దాన్ని రాయొచ్చు. అతను అది రాయలేదు. ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఎక్స్‌వై ప్లస్ వై స్క్వేర్ అని పెద్ద అక్షరాలతో రాశాడు. దాని కింద ఆరు మాట్రిక్సులు వరుసగా రాసి, ఒక్కొక్కటే పెట్టి, అది కదలకపోవడం చూపించాడు. ఆరూ అయ్యాక, "మొత్తం పదహారు," అన్నాడు. బోర్డు మీద పదహారు అంకె వేసి దాని చుట్టూ గీత గీశాడు. ఆగాడు.

అడగండి, అనుకున్నాడు. ఎవరన్నా ఒక్కరు. వెనక వరసలో ఇద్దరు రీసెర్చి స్కాలర్లు ఫోన్లు చూసుకుంటున్నారు. గైడు కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. ఎగ్జామినర్ తల పంకిస్తూ చేతి గడియారం వైపు చూశాడు. రామచంద్రం ఇంకా ఆగాడు. మార్కరు మూత తీసి ఉండగానే చెయ్యి కిందికి వాలింది. తానే చెప్పొచ్చు. కానీ పట్టుబడటం వేరు, ఒప్పుకోవడం వేరు. పట్టుబడాలంటే ఎదుటివాడు చదివి ఉండాలి. చదవనివాళ్ల ముందు నిలబడి, మీరు చదవనిది తప్పని చెప్పడం ఎలా? ఆ క్షణంలో అతను దానికి పెట్టుకున్న పేరు అది. పిరికితనమన్న పేరు తర్వాత నెమ్మదిగా వచ్చింది.

"వెరీ నీట్," అన్నాడు ఎగ్జామినర్. గైడు కళ్లు తెరిచి చప్పట్లు మొదలుపెట్టాడు.

అందరికీ బిర్యానీ, ఎగ్జామినర్‌కు శాలువా. వైవా ఇచ్చినవాడే తెచ్చిపెట్టాలి, ఆనవాయితీ. ఎగ్జామినర్ రైలు అందుకున్నాడు. వారం తిరక్కుండా కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. అందులో 'డాక్టర్ రామచంద్రం' అని అతని తలకంటే పెద్ద అక్షరాలు.

"ఇగ మనకు జరమొచ్చినా దవాఖానకు పోయే పనిలేదు," అన్నాడు బాలకృష్ణ. "డాక్టర్ సార్ రెండు నంబర్లు చెప్తడు, పొద్దునొకటి, రాత్రి సున్న."

రామచంద్రం నవ్వాడు. ఈసారి వీళ్లకేం తెలుసని అనుకోలేకపోయాడు.

ఆ తర్వాత నెల రోజులకు అతని మనసులో ఒక ఆలోచన మొలిచింది. లెక్కల పత్రికల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఒక మాట చెప్పి, అది తప్పని ఇంకొకరు చూపిస్తే, ఆ రెండోవారు చిన్న నోటు రాస్తారు. ఫలానావారు ఫలానా చోట ఇలా అన్నారు, అది నిలవదు, ఇదిగో ఉదాహరణ అని. ఆ ఫలానావారి పేరు అక్కడ నిలిచిపోతుంది. తప్పు చేసినందుకే గుర్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మొదట ఆ ఆలోచన అతన్ని భయపెట్టింది. శ్రీవాణి రాస్తే? ఫ్లెక్సీ, డాక్టరేటు, అన్నీ గంగలో కలుస్తాయి. కొన్నాళ్లకు భయం రుచి మారింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆమె రాయబోయే మొదటి వాక్యాన్ని తానే కూర్చడం మొదలుపెట్టాడు. 'రామచంద్రం తన థీసిస్‌లో నాలుగో అధ్యాయం మూడో లెమ్మాగా ఇలా ప్రతిపాదించాడు.' ప్రతిపాదించాడు. ఆ మాట దగ్గర ఆగేవాడు. ఎవరో చదివి, పేరు పెట్టి, ఎదురు చెప్పదగ్గ మాట అన్నమాట. పదకొండేళ్లకు అదైనా మిగలాలి కదా.

మార్చిలో ఒక మధ్యాహ్నం కాలేజీ వరండాలో నిలబడి ఫోన్ చేశాడు.

"నమస్తే సార్." గొంతు పాతదే. అందులో ఏదో ఒకటి తగ్గింది.

"నువ్వు చెప్పింది కరెక్టే శ్రీవాణీ."

"అవును సార్."

"పదీ రాసి చూసిన. తొమ్మిదిట్ల అదే వస్తది."

"అవును సార్."

ఇక్కడ ఇంకో మాట అనాలి. ఏ మాటో అతనికి తెలుసు. అది గొంతు దాకా వచ్చింది కూడా. దాన్ని పక్కకు నెట్టి వేరేది వచ్చింది.

"నువ్వు దాన్ని ఒక నోట్ లెక్క రాసి పంపు. నా పేరు పెట్టు. థీసిస్ పేరు, లెమ్మా నంబరు, అన్నీ పెట్టు. నాకేం అభ్యంతరం లేదు."

అవతల పళ్లేల చప్పుడు, ఎవరో కన్నడంలో పిలుస్తున్నారు.

"సార్... దాంట్ల రాయనీకి ఏం లేదు సార్."

"ఎందుకు లేదు?"

"గది అందరికి తెల్సిందే సార్. మాకు ఫస్ట్ ఇయర్ల ఎక్సర్‌సైజ్ లెక్క ఇచ్చిన్రు. నేను కనిపెట్టింది కాదు." మెత్తగా అంది: "ఎవరన్న మీ లెమ్మా వాడుకొని ఉంటే రాయాల్సొస్తుండె. థీసిస్ నెట్ల గిట్ల లేదు గద సార్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఎవరికి తెల్వది."

ఓదార్పుగానే అంది. రామచంద్రం వరండా స్తంభానికి చెయ్యి ఆనించాడు.

"మరి ఆ రోజెందుకొచ్చినవ్?"

"వైవాల ఎవరన్న అడిగితే మీరు పరేషాన్ అయితరని సార్."

"ఎవరు అడగలే."

"మంచిదైంది సార్," అంది శ్రీవాణి. "సెమినార్ ఉన్నది సార్, ఉంట."

ఫోన్ కట్ అయింది. అప్పుడే సెకండియర్ పిల్లలు గుంపుగా మెట్లెక్కి వరండాలోకి వచ్చారు. "నమస్తే డాక్టర్ సార్," అన్నారు దాటిపోతూ. రామచంద్రం ఫోన్ చెవి మీద నుంచి తీయలేదు. వాళ్లు మూల తిరిగేదాకా, "ఆఁ, ఆఁ, రాయి బిడ్డా, నా పేరు పెట్టే రాయి," అంటూ కట్ అయిన ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాడు.